అవతలి చక్రం

షెడ్డులో అతన్ని అందరూ పెద్దల్లుడనే పిలిచేవారు. కన్నవాళ్లు పెట్టిన పేరు ఒకటి ఉండేది గానీ దానితో ఎవరికీ పని పడేది కాదు. కారు తెచ్చినవాళ్లు "పెద్దల్లుడు ఉన్నాడా?" అని అడిగేవారు. పక్క సందులో టైర్ల కొట్టువాడూ అంతే, టీ తెచ్చే మనిషీ అంతే. ఆ పిలుపులో ఉన్న చిక్కు అతనొక్కడికే తెలుసు. చిన్నల్లుడు వచ్చేదాకా అతను ఉత్త అల్లుడే. ఆ మనిషి వచ్చి చేరాకే పెద్దవాడయ్యాడు. అంటే తన పిలుపులో సగం ఆ చిన్నవాడి చలవే. ఇది తలుచుకున్నప్పుడల్లా అతనికి అరికాలి మంట నెత్తికెక్కేది.

షెడ్డు మావగారిది. పైన రేకులు, కింద నూనె తాగి నల్లబడ్డ గచ్చు, రెండు కార్లు పక్కపక్కన పట్టేంత చోటు. వెనక ఇల్లు. ఇంటికీ షెడ్డుకీ మధ్య ఒకే ఒక్క తలుపు, అది ఎప్పుడూ తెరిచే ఉండేది. గోడకి కొట్టిన చెక్కమీద స్పానర్లు వేలాడేవి. ప్రతి స్పానరు వెనకా దాని ఆకారం తెల్ల రంగుతో గీసి ఉండేది, ఏది చోటు తప్పినా వెంటనే దొరికిపోయేది. ఆ షెడ్డులో బ్రేకులు తప్ప ఇంకో పని ముట్టుకునేవారు కాదు. ఇంజను ఏదో చప్పుడు చేస్తోందని ఎవరైనా మొరపెట్టుకుంటే మావగారు, "చేసుకోనివ్వండి, నడవడం దాని పని. ఆగడం మా పని" అనేవారు.

పెద్దల్లుడు అక్కడికి అల్లుడిగా రాలేదు. మీసాలు రాకముందే పని నేర్చుకోవడానికి వచ్చాడు. "ఒరేయ్, గుడ్డ పట్రా", "ఒరేయ్, జాకీ దింపు", "ఒరేయ్, నీ తలకాయ అడ్డం తియ్యి, వెలుతురు పడట్లేదు." ఇలాగే పెరిగాడు. చేతిలో నేర్పు ఉంది, నోట్లో అబద్ధం లేదు అని ముచ్చటపడి మావగారు తన పెద్ద కూతుర్నిచ్చి పెళ్లి చేశారు. పెళ్లయ్యాక మొదటిసారి షెడ్డుకి బయలుదేరుతూ అతను అద్దం ముందు చాలాసేపు నిలబడ్డాడు. ఇవాళ్టినుంచి మావగారు ఏమని పిలుస్తారో! "బాబూ" అంటారా, "అల్లుడుగారూ" అంటారా? ఆయన గేటు దగ్గరే ఎదురొచ్చి, "ఒరేయ్, ఎంతసేపురా, తాళం తియ్యి" అన్నారు.

అది అతనికి ముల్లులా దిగింది. కానీ అప్పుడు పోల్చుకోవడానికి ఇంకొకడు లేడు గనక ముల్లు ముల్లుగానే ఉండిపోయింది, పుండు కాలేదు.

తర్వాత కొన్నేళ్లకి చిన్నకూతురి మొగుడు వచ్చాడు. అతనూ బ్రేకుల పనివాడే, వేరే ఊళ్లో వేరే షెడ్డులో నేర్చుకున్నవాడు. ఆ షెడ్డు మూతపడితే మావగారే కబురంపి పిలిపించుకున్నారు. అతను గేటులో అడుగుపెట్టగానే ముసలాయన కుర్చీలోంచి లేచి, "రండి అల్లుడుగారూ, రండి. ప్రయాణం బాగా జరిగిందా? మీరు కాస్త మొహం కడుక్కోండి" అన్నారు. కారు కింద పడుకున్న పెద్దల్లుడికి అవతల నిలబడ్డ రెండు జతల కాళ్లూ, ఆ "మీరూ" మాత్రమే అందాయి. చేతిలో ఉన్న నట్టు జారి మొహమ్మీద పడింది.

నిజానికి చిన్నల్లుడు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన బాధ. చెడ్డవాడైతే తిట్టుకోడానికి ఏదో ఒకటి దొరికేది. పనిచేస్తూ ఈలవేసేవాడు. చేతులకి తొడుగులు వేసుకునేవాడు, సాయంత్రానికి గోళ్లు గుమాస్తా గోళ్లలా ఉండేవి. కారు తెచ్చినవాళ్లకి ఏం పాడైందో ఓపిగ్గా చూపించేవాడు, వాళ్లు నవ్వుతూ వెళ్లేవారు. పెద్దల్లుడు కూడా ఒకసారి అలా చూపించబోయాడు. "చూశారా, ప్యాడు ఎలా అరిగిపోయిందో? ఇంకో వారం నడిపితే గోడలోనే ఆగేవారు" అన్నాడు. ఆ పెద్దమనిషి మొహం పాలిపోయి, ఇంటికి రిక్షాలో వెళ్లాడు.

టీ ముందు ఎవరికిచ్చారు, అత్తగారు వెనక తలుపులోంచి తొంగిచూసి ముందు ఎవర్ని పలకరించారు, మావగారు ఎవరి పక్కకి కుర్చీ తిప్పుకున్నారు, ఇవన్నీ పెద్దల్లుడి మనసులో చిట్టాలా పేరుకుపోయేవి. సాయంత్రం ఇంటికెళ్లి ఆ చిట్టా విప్పేవాడు. ఆ చిన్న ఇంట్లో భార్య ఉతికిన బట్టలు మడతపెడుతూ వినేది. నలుగురిలో "మీరు, ఏవండీ" అనేది గానీ, నూనె గుడ్డతో పరిగెత్తే రోజులనుంచీ చూసిన మనిషి కదా, ఇంట్లో "నువ్వు" అనే అనేది.

"ఇవాళ ఏం చేశాడో తెలుసా? రెండు ప్యాడ్లు తీసి గుడ్డమీద పెట్టి, పెళ్లికూతురి నగలు చూపించినట్టు చూపించాడు."

"ఎవరు?"

"ఇంకెవరు, మీ చెల్లెలి మొగుడు."

"మా చెల్లెలు కూడా తన మొగుణ్ణి నువ్వు తలుచుకున్నంతగా తలుచుకోదు" అంది ఆవిడ, చొక్కా విదిలిస్తూ. "పొద్దున్నే వాడి జపం, సాయంత్రం వాడి జపం. వరమేమన్నా ఇచ్చాడా?"

"నీకు నవ్వులాటగా ఉంది."

"నవ్వక ఏం చెయ్యను? నీ చొక్కాలు రెండుసార్లు ఉతికినా నలుపు వదలదు. మా చెల్లెలు చూడు, ఒక్క జాడింపుతో..."

అక్కడ ఆపేసింది. మొగుడి మొహం చూసి, అనకూడని మాట అన్నానని నాలిక్కరుచుకుంది. ఆ సాయంత్రం అతను తన చొక్కాలు తానే ఉతుక్కున్నాడు. అవి ఇంకా నల్లబడ్డాయి.

ఇన్ని చిన్న మంటలున్నా, అసలు మంట ఒక్కటే. అది మావగారి టిక్కు రెంచి.

ఆ రెంచి ఒక చెక్కపెట్టెలో, ఆకుపచ్చ బట్టలో పడుకుని ఉండేది. చెయ్యంత పొడుగు. పిడి తిప్పి ఎంత బిగువు కావాలో ముందే పెట్టుకుంటే, బోల్టు అంత బిగియగానే 'టిక్' మనేది. ఎక్కువా కాదు, తక్కువా కాదు. పనయ్యాక పిడి వెనక్కి తిప్పి దాని స్ప్రింగు సడలించి పెట్టెలో పెట్టాలి, బిగించి వదిలేస్తే దాని లెక్క చెడిపోతుంది. డిస్కులు మార్చినా, ప్యాడ్లు మార్చినా, చివర్న, చక్రంతో తిరిగే డిస్కుని ప్యాడ్లతో నొక్కి ఆపే కాలిపర్ బోల్టుల మీద ఆ రెంచి వేసేది మావగారే. ఒక్కొక్క బోల్టుకీ టిక్కు విని, చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకుని, "కూర్చుంది" అనేవారు. ఆ మాట అంటేనే చక్రం ఎక్కాలి. ఆ మాట ఇంకెవరూ అనకూడదు. ఒకసారి చిన్నతనంలో పెద్దల్లుడు ఉత్సాహం పట్టలేక ముందే "కూర్చుంది" అనేశాడు. మావగారు బోల్టులన్నీ విప్పించి మళ్లీ మొదటినుంచి చేయించారు.

ఎప్పటికైనా ఆ రెంచి తన చేతికొస్తుందని, ఆ మాట తన నోటివెంట వస్తుందని పెద్దల్లుడు ఇన్నేళ్లూ ఎదురుచూశాడు. అందరూ నిద్రపోయాక కొందరు పాటలు పాడుకున్నట్టు, ఎవరూ లేని సమయాల్లో అతను కారు కింద పడుకుని మెల్లిగా "కూర్చుంది" అనుకుని చూసుకునేవాడు. మావగారి గొంతులా గంభీరంగా ఒకసారి, సొంత గొంతుతో ఒకసారి.

ఆ ఏడు మావగారి కుడిభుజం పట్టేసింది. చెయ్యి పైకి లేవదు. డాక్టరు రెంచి ముట్టుకోవద్దన్నాడు. ఆయన కొన్నాళ్లు ఎడంచేత్తో నెట్టుకొచ్చారు, చివరికి అదీ నొప్పెట్టింది. ఒక పొద్దున కుర్చీలో కూర్చుని, ఎటో చూస్తూ అన్నారు:

"ఇక నావల్ల కాదు. ఇవాళ వచ్చే బండి మీద ఇద్దరూ చెరోవైపు చెయ్యండి. పనయ్యాక రెంచి ఎవరి చేతిలో పెట్టాలో నేను చెప్తాను."

చిన్నల్లుడు "అలాగే మావయ్యా" అని ఈలవేసుకుంటూ తొడుగులు వేసుకున్నాడు. పెద్దల్లుడు జాకీ లాక్కొచ్చి గచ్చు మధ్యలో పెట్టాడు.

ఆ రోజు వచ్చిన కారు డ్రైవింగు నేర్పే టీచరమ్మది. ఆ కారులో రెండు బ్రేకు పెడళ్లు, ఒకటి నేర్చుకునేవాళ్లకి, ఒకటి పక్కన కూర్చునే ఆవిడకి. ఆవిడ భారీ మనిషి, గొంతు ఇంకా భారీ.

"నా పక్కన కూర్చునేవాళ్లకి ఇంకేమీ కనపడదండీ, బ్రేకే కనపడుతుంది" అంది స్టూలు మీద కూర్చుని. "కాకి ఎగిరినా లేచి దానిమీద నిలబడతారు. కొందరు మరీ భాగ్యవంతులు, గోడ ఎదురొస్తున్నా తొక్కరు. అప్పుడు నా కాలే దిక్కు. వాళ్లకీ గోడకీ మధ్య ఉండేది నా కాలొక్కటే."

కారు ఎత్తి స్టాండ్ల మీద నిలిపారు. ముందు చక్రాలు రెండూ విప్పారు. పాత డిస్కులు గీతలు పడి, అంచులు గట్టుల్లా లేచి ఉన్నాయి. ఎడమవైపు పెద్దల్లుడు, కుడివైపు చిన్నల్లుడు. కాలిపర్లలో రబ్బర్లు కూడా పాతబడ్డాయని, హోస్ పైపులు విప్పి రెంటినీ పూర్తిగా బయటికి తీసి బల్లమీద పెట్టారు. ఇక అక్కణ్ణించి పెద్దల్లుడి కళ్లు తన చక్రం మీద నిలవలేదు. మధ్యలో అడ్డంగా ఇంజను ఉన్నా, దాని సందుల్లోంచి అవతల ఏం జరుగుతోందో చూస్తూనే ఉన్నాడు. తను తుప్పు గీకుతుంటే అవతల ఈల. తను కొత్త డిస్కు మీది నూనె తుడుస్తుంటే అవతల ఈల. ఆ ఈల చెవిలో జోరీగలా తిరిగింది.

"బాబూ, ఈల భలే వేస్తారే" అంది టీచరమ్మ.

"పనిలో పనండీ" అన్నాడు చిన్నల్లుడు.

మావగారు నవ్వారు. పెద్దల్లుడు విన్నాడు. ఆయన కుర్చీ కాళ్లు గచ్చుమీద కిర్రుమన్నాయి. అటే తిప్పుకున్నారన్నమాట, కుడివైపుకి.

డిస్కు బిగించి, కాలిపర్ కోసం బల్ల దగ్గరికెళ్లాడు. రెండూ పక్కపక్కన ఉన్నాయి. రెంటికీ కొత్త రబ్బర్లు వేశారు. కానీ ఒకటి తీగబ్రష్షుతో తోమినట్టుంది, కొత్త పళ్లెంలా మెరుస్తోంది. రెండోది శుభ్రంగా ఉంది గానీ మెరుపు లేదు. పెద్దల్లుడికి కడుపు మండింది. తోముకున్నాడూ, తనది మాత్రం తోముకున్నాడు! మావగారొచ్చి చూస్తే కుడిచక్రం తళతళ, ఎడమచక్రం వెలవెల. అటూ ఇటూ చూశాడు, మెరిసేదాన్ని తీసుకొచ్చి బిగించేశాడు.

చేతికి ఏది కావాలో కన్ను చెప్పాలి గానీ కడుపు చెప్పకూడదు. కాలిపర్లు రెండూ చూడ్డానికి ఒకలాగే ఉంటాయి, రెండు చేతుల్లాగా. కానీ కుడిచెయ్యి కుడిచెయ్యే. ఆ సంగతి అతను నిద్రలో లేపి అడిగినా చెప్పగలడు. ఆ నిమిషంలో మాత్రం అతనికి మెరుపు తప్ప ఇంకేదీ గుర్తులేదు. హోస్ పైపు కొంచెం వంకరగా వచ్చింది. రోజూ అయితే అక్కడే ఆగేవాడు. ఆ పూట మెలితిప్పి సర్దేశాడు.

తర్వాత చిన్నల్లుడు వచ్చి బల్లమీద మిగిలినదాన్ని తీసుకెళ్లాడు.

బిగింపులయ్యాక ఇక బ్రేక్ ఆయిల్లోంచి గాలి తియ్యాలి. చిన్నల్లుడు కారులో కూర్చుని పెడల్ తొక్కుతుంటే, పెద్దల్లుడు చక్రం దగ్గర వంగి, కాలిపర్‌కి ఉండే చిన్న గాలిమర తిప్పి నూనె వదలాలి. గాలి ఎప్పుడూ పైకే పోతుంది గనక ఆ మర కాలిపర్ నెత్తిమీద ఉంటుంది. పెద్దల్లుడి చెయ్యి అలవాటుగా పైకి వెళ్లింది. అక్కడేమీ లేదు. తడుముకుంటూ కిందికొచ్చింది. అడుగున తగిలింది.

మెడచాచి, ఇంజను సందులోంచి కుడివైపు చూశాడు. అక్కడా అడుగునే ఉంది. కుడిది ఎడమకి, ఎడమది కుడికి వచ్చేశాయి. ఇప్పుడు ఎంత నూనె వదిలినా పైన చిక్కుకున్న గాలి బయటికి రాదు.

"ఏంటన్నయ్యా, తొక్కమంటారా?" కారులోంచి చిన్నల్లుడు.

చెప్పాలి. నోరు తెరిచాడు. అంతలో మావగారి గొంతు వినపడింది, "అల్లుడుగారూ, మీకు నడుం నొప్పి ఉందన్నారు, సీటు కాస్త వెనక్కి జరుపుకోండి."

పెద్దల్లుడు నోరు మూసుకున్నాడు. "తొక్కు" అన్నాడు. "పట్టు. వదులు. మళ్లీ తొక్కు."

నూనె వచ్చింది. ఒక్క బుడగా రాలేదు. అటువైపూ అంతే. తేలు కుట్టిన దొంగలా పళ్లు బిగబట్టుకుని, రెండు మరలూ బిగించి లేచాడు.

"అన్నయ్యా, పెడల్ మెత్తగా ఉందేంటి?"

"నాలుగుసార్లు గట్టిగా తొక్కు, గట్టిపడుతుంది."

అది అబద్ధం కాదు. గబగబా తొక్కితే గట్టిపడుతుంది, కాసేపే. ఆ తర్వాత మళ్లీ మెత్తబడుతుంది. చిన్నల్లుడు తొక్కాడు. మావగారు టీచరమ్మతో, "అమ్మా, మీ పెడల్ కూడా ఓసారి చూడండి" అన్నారు. ఆవిడ పక్క సీట్లో కూలబడి తొక్కింది. "ఇనుములా ఉందండీ" అంది.

మావగారు తలూపారు. వెనక తలుపు వైపు తిరిగి, లోపల ఉన్న అత్తగారిని పెట్టె తెమ్మన్నారు. చెక్కపెట్టె వచ్చింది. ఆయన మూత తీసి, ఎడంచేత్తో ఆకుపచ్చ బట్ట విప్పి, రెంచిని కాసేపు అలా చూశారు.

"అల్లుడుగారూ" అన్నారు. "మీరు పట్టుకోండి."

పెద్దల్లుడు అటు చూడలేక తల తిప్పుకున్నాడు. గోడమీద చెక్కలో ఏదో స్పానరు చోటు ఖాళీగా తెల్లటి గీతలతో కనిపించింది. దాన్నే చూస్తూ నిలబడ్డాడు. అయిపోయింది. మీసాలు రాకముందునుంచి కాచుకున్నది ఈలేసుకుంటూ వచ్చినవాడికి దక్కింది.

అప్పుడే అతనికి తన చేతిలో ఏముందో అర్థమైంది. ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే ఉంటే చాలు. చిన్నవాడు బోల్టుల మీద రెంచి వేస్తాడు, టిక్కుమంటుంది, "కూర్చుంది" అంటాడు. కారు వెళ్తుంది. సాయంత్రానికో, రేప్పొద్దున్నో టీచరమ్మ కాలు మెత్తగా నేలకి తగులుతుంది. ఆవిడ ఆ గొంతేసుకుని తిరిగొస్తుంది. మొట్టమొదటిసారి రెంచి పట్టినవాడి మొట్టమొదటి మాట తప్పని ఊరంతా తెలుస్తుంది. మళ్లీ ఆ రెంచి అతనికి ఇస్తారా?

ఆ ఆలోచన ఎంత తియ్యగా ఉందంటే, అతనికి తనమీద తనకే భయం వేసింది.

చిన్నల్లుడు రెంచి పిడి తిప్పి లెక్క పెట్టుకున్నాడు. ఈల మానేశాడు. కుడిచక్రం దగ్గర మోకాళ్లమీద కూర్చున్నాడు. టీచరమ్మ టీ ఊదుకుంటూ, "కాస్త తొందరగా కానివ్వండి బాబూ. ఇవాళ ఒకామెకి మొదటి పాఠం, గోడని చూస్తే కళ్లు మూసుకునే రకం" అంది.

వాళ్లకీ గోడకీ మధ్య ఉండేది ఆవిడ కాలొక్కటే అన్న మాట పెద్దల్లుడికి గుర్తొచ్చింది. గుర్తొచ్చిన మాట నిజం. కానీ అతని నోరు తెరిపించింది అదొక్కటే అంటే అది పూర్తి నిజం కాదు. చిన్నల్లుడు చెవి దగ్గర చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు, అచ్చం మావగారిలాగే. పెదవులు కదలబోయాయి. ఆ మాట, ఇన్నేళ్లు తను కారు కింద పడుకుని ఒక్కడూ అనుకున్న మాట, ఇప్పుడు తప్పుడు కాలిపర్ మీద, అదీ తన దొంగతనంతో తారుమారైన కాలిపర్ మీద బయటికి రాబోతోంది. ఆ మాట ఇంకొకడికి పోతే పోయింది. మైలపడితే మాత్రం అతను ఓర్చుకోలేడు.

"ఆగు" అన్నాడు. గొంతు కీచుగా వచ్చింది.

"ఏంటన్నయ్యా?"

"బిగించకు. నాది నీ దగ్గరుంది."

"మీదా? మీది నా దగ్గర ఏముంది?"

"కాలిపర్. నీది నా దగ్గరుంది. గాలిమర ఎక్కడుందో చూడు."

చిన్నల్లుడు వంగి చూశాడు. తడిమి చూశాడు. "అమ్మ బాబోయ్!" అన్నాడు. రెంచి జాగ్రత్తగా గుడ్డమీద పెట్టి తల పట్టుకున్నాడు. "నేను వచ్చేసరికి బల్లమీద ఇది ఒక్కటే ఉందన్నయ్యా. మీరు తీసుకెళ్లాక మిగిలింది నాదేగా అనుకున్నా. మీ చేతిలోంచి పోయిందాన్ని నేను మళ్లీ చూసుకోడమేంటి?"

పెద్దల్లుడికి చెంపమీద కొట్టినట్టయింది. తిడితే బాగుండేది.

కుర్చీ కిర్రుమంది. మావగారు లేచారు. మెల్లిగా వచ్చి రెండు చక్రాలూ చూసి, మధ్యలో నిలబడ్డారు.

"ముందు తీసిందెవరు?"

"నేనే" అన్నాడు పెద్దల్లుడు.

"ఇన్నేళ్లొచ్చాయి, కుడీ ఎడమా తెలీదా నీకు?"

"తెలుసు."

"మరి?"

"మెరుస్తుంటే తీశాను."

"మెరుస్తుంటే?"

"వాడు తోమింది నాదానికన్నా బాగుంది. మీరు అటే చూస్తారని..."

"అన్నయ్యా, తోమింది నేను కాదు" అన్నాడు చిన్నల్లుడు, బిక్కమొహం వేసి. "అత్తయ్యగారు. పళ్లాలు తోముకుంటూ ఇటొచ్చి, చేతిలో పీచు ఉంది కదాని ఒకటి తోమారు. రెండోది తోమేలోపు పొయ్యిమీద పాలు పొంగితే పరిగెత్తారు."

వెనక తలుపులో అత్తగారు, "అదేం పాడైపోతుందా ఏంటి? జిడ్డుగా ఉందని తోమాను" అన్నారు.

టీచరమ్మ నవ్వు ఆపుకోలేక టీ ఒంటిమీద పోసుకుంది. మావగారు మాత్రం మొదట నవ్వలేదు. ఆయన మొహం జేవురించింది.

"ఒరేయ్! ఇద్దరూ ఇట్రండి" అన్నారు. "ఒరేయ్ పెద్దాడా, నీ కళ్లు నీ చక్రం మీద ఉండవు. ఒరేయ్ చిన్నాడా, నీ కళ్లు ఎక్కడా ఉండవు! వాడు తీసుకున్నాడు గదాని కళ్లు మూసుకుని బిగించేస్తావా? వాడు తొక్కమంటే తొక్కుతావా? పెడల్ మెత్తగా ఉందని నీ కాలు చెప్పింది, అయినా విన్లేదు. అడ్డగాడిదా!"

చిన్నల్లుడు తలవంచుకున్నాడు. కానీ చెవులు ఎర్రబడ్డా, మూతి చివర ఒక చిన్న నవ్వు. ముసలాయన మొదటిసారి అతన్ని ఇంట్లోవాణ్ణి తిట్టినట్టు తిట్టారు. ఏదో బిరుదు అందుకున్నవాడిలా నిలబడ్డాడు.

పెద్దల్లుడు ఆ నవ్వు చూశాడు. అంత అవమానంలోనూ అతనికి కొత్తగా ఇంకో మంట రగిలింది. ఇన్నేళ్లు ముల్లులా గుచ్చుకున్న ఆ "ఒరేయ్" ఇంతకాలమూ తనొక్కడిదే. ఇప్పుడు అదీ పంచుకోవాల్సి వచ్చింది.

రెండు కాలిపర్లూ విప్పారు. ఇంజనుకి అడ్డంగా, ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి మార్చుకున్నారు. మెరిసేది కుడివైపుకి వెళ్లింది. ఈసారి గాలిమరలు రెండూ పైన నిలబడ్డాయి. పెడల్ తొక్కితే మరకి తగిలించిన గొట్టంలో బుడగలు బుసబుసా వచ్చి, ఆగిపోయాయి. మావగారు తనే కారులో కూర్చుని తొక్కి, కాసేపు ఊరుకుని, మళ్లీ తొక్కారు. ఆ రెండోసారి తొక్కడం చూసి పెద్దల్లుడు తలదించుకున్నాడు. నాలుగుసార్లు తొక్కమన్నది ఎవరో, ఎందుకో ఆయన అడగలేదు. అడగలేదంటే తెలియలేదని కాదు.

పెట్టె ఇంకా తెరిచే ఉంది. రెంచి ఎవరూ ముట్టుకోలేదు.

"నీకివ్వను" అన్నారు మావగారు పెద్దల్లుడితో. "నీకూ ఇవ్వను" అన్నారు చిన్నల్లుడితో. కుర్చీలో కూర్చుని భుజం నిమురుకుంటూ ఇద్దర్నీ మార్చి మార్చి చూశారు. ఆ తర్వాత నవ్వొచ్చింది ఆయనకి, భుజం కలుక్కుమనేంత నవ్వు.

"ఒరేయ్ పెద్దాడా, ఇంజను సందులోంచి వాడి పని ఇంత కళ్లు చేసుకుని చూశావు కదా. కళ్లల్లో నిప్పులు పోసుకుని చూసేవాడికంటే బాగా తప్పులు పట్టేవాడు ఇంకెవడున్నాడు? ఇవాళ్టినుంచి వాడి చక్రం మీద రెంచి నువ్వు వెయ్యి. నీ చక్రం మీద వాడు వేస్తాడు. ఎవడి చక్రానికి వాడు ఆ మాట అనకూడదు. అవతలివాడే అనాలి."

"నేను తప్పులు పట్టనేమో మావయ్యా" అన్నాడు చిన్నల్లుడు. "నాకు ఆ నిప్పులూ అవీ..."

"నేర్చుకుంటావులే. వాడి పక్కనే కదా ఉండేది."

ఆ షెడ్డులో ఆ తర్వాత చాలా ఏళ్లు అదే పద్ధతి నడిచింది. మావగారు పోయాకా నడిచింది. అక్కడ చేసిన బ్రేకు మళ్లీ తిరిగొచ్చిందని ఎవరూ అనుకోలేదు. వాళ్లిద్దరికీ మనసులు కలిశాయనీ ఎవరూ అనుకోలేదు. పెద్దల్లుడు ముసలివాడయ్యాక కూడా తోడల్లుడి బోల్టుల మీదికి వంగినప్పుడు, తప్పిపోయిన సొమ్ము వెతుక్కునేవాడిలాగే వంగేవాడు.

ఆ మొదటిరోజు మాత్రం రెంచి అందుకునేముందు చేతులు గుడ్డకి రెండుసార్లు తుడుచుకున్నాడు. రెంచి అనుకున్నదానికంటే బరువుగా ఉంది. కుడిచక్రం దగ్గర మోకాళ్లమీద కూర్చుని, మెరిసే కాలిపర్ కింద బోల్టుకి తగిలించి లాగాడు. ఒక్కటంటే ఒక్క బోల్టు, ఒక్క వెంట్రుకవాసి వదులుగా ఉంటే చాలు. టిక్. కదల్లేదు. పై బోల్టు. టిక్. అదీ కదల్లేదు. మళ్లీ కిందిది పట్టుకున్నాడు.

"అన్నయ్యా, ఇంకెన్నిసార్లు?"

"నోర్ముయ్. వినపడనీ."

టిక్.

అందరూ అతని వంకే చూస్తున్నారు. మావగారు కళ్లు మూసుకుని చెవి ఇటు పెట్టారు. తలుపులో అత్తగారు. ఆవిడ వెనకగా, ఎప్పుడొచ్చిందో, అతని భార్య. చెవి దగ్గర చెయ్యి పెట్టుకోవాలని గుర్తొచ్చింది, పెట్టుకోలేదు. మావగారి గొంతులా అనాలనుకున్నాడు, అదీ కుదర్లేదు. ఇన్నేళ్లు దాచుకున్న మాట ఇంకొకడి చేతిపనికి పెట్టాల్సి వచ్చింది. పనిలో మాత్రం వంక లేదు. వంక ఉంటే దొరికేదే, అంత వెతికాడు.

"కూర్చుంది" అన్నాడు.

ఆ వెంటనే రెంచి అవతలికి అందించి, తన చక్రం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. చిన్నల్లుడు ఈలవేయకుండా, మొహం చిట్లించి, ఎడమచక్రం బోల్టుకి రెంచి తగిలించాడు. పెద్దల్లుడు చెవి అటు ఒగ్గాడు. వాడి నోటివెంట ఆ మాట వినాలని ఇంతగా కోరుకుంటానని అతనెప్పుడూ అనుకోలేదు.